చెవి, వినికిడి, చెవి పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

వినికిడి తగ్గిందని వచ్చిన ప్రతి ఒక్కరి విషయంలో ముందు తేల్చుకోవలసింది ఒక్కటే. శబ్దం లోపలికి వెళ్ళే దారిలో అడ్డుందా, లేక దాన్ని అందుకునే లోపలి చెవిలోనో నరంలోనో లోపముందా? మందులా, ఆపరేషనా, వినికిడి యంత్రమా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. చాలాసార్లు అది తేలకముందే చెవిలో చుక్కలు వేయడం, నూనె పోయడం, పుల్ల పెట్టి తిప్పడం అన్నీ అయిపోతాయి. అందుకే ఇక్కడ చెవి నిర్మాణం గురించి చెప్పినా, పరీక్షల గురించి చెప్పినా ఈ ప్రశ్న దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తాను.

చెవి అంటే బయటికి కనిపించేదేనా? లోపల ఇంకేముంది?

బయటికి కనిపించే డొప్ప చెవిలో చిన్న భాగం మాత్రమే. డొప్ప, అక్కడి నుంచి కర్ణభేరి దాకా వెళ్ళే నాళం కలిపి బయటి చెవి. కర్ణభేరి వెనకాల గాలితో నిండిన చిన్న గది మధ్య చెవి. మూడు బుల్లి ఎముకలు ఉండేది ఆ గదిలోనే. దానికి ఇంకా లోపల, కణత ఎముకలో లోతుగా దాగి ఉన్నది లోపలి చెవి. అందులో వినికిడికి కాక్లియా ఉంది, శరీరం తూలకుండా చూసేందుకు మూడు అర్ధవలయ నాళాలు, రెండు చిన్న సంచులు ఉన్నాయి. బయటి చెవి, మధ్య చెవి శబ్దానికి దారి. లోపలి చెవి దాన్ని అందుకునే చోటు.

డొప్పంతా మృదులాస్థి, అంటే వంచితే వంగే మెత్తటి ఎముక. కింద వేలాడే తమ్మెలో మాత్రం అది ఉండదు. మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు, పైన అంటుకుని ఉండే పొర నుంచే దానికి పోషణ అందుతుంది. దెబ్బ తగిలి ఆ పొర కింద రక్తం గడ్డకట్టినా, పై అంచున కుట్టించుకున్న చోట చీము పట్టినా మృదులాస్థి కరిగిపోయి చెవి ఆకారమే మారిపోవచ్చు. డొప్ప ఉబ్బితే "అదే తగ్గుతుందిలే" అని కూర్చోకుండా ఒకటి రెండు రోజుల్లోనే చూపించుకోవాలి.

రెండు చెవులు ఎందుకు? ఒకటి పనిచేస్తే చాలదా?

ఒక్క చెవితో వినొచ్చు. కానీ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెప్పడం కష్టమవుతుంది. కుడి పక్క నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా ఎక్కువలో ఎక్కువ సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టేస్తుంది. పైనుంచా కిందినుంచా అన్నది పోల్చుకోవడానికి డొప్పలోని ముడతలు సాయపడతాయి. పదిమంది మాట్లాడుకునే చోట ఒకరి మాట మీద దృష్టి పెట్టడానికీ రెండు చెవులూ కావాలి. అందుకే ఒక చెవి బాగుంది కదా అని రెండోదాన్ని వదిలేయడం సరికాదు.

చెవిలో ఏదైనా పెడితే దగ్గు ఎందుకు వస్తుంది?

పెద్దవాళ్ళలో చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, కాస్త వంపు తిరిగి ఉంటుంది. దాని గోడలో కొంత భాగానికి వేగస్ నరం శాఖ ఒకటి వస్తుంది. గొంతుకీ ఊపిరితిత్తులకీ వెళ్ళేది కూడా ఆ నరమే. నాళాన్ని తాకితే కొందరికి దగ్గు రావడానికి కారణం అదే, దాంతో భయం లేదు. ఎంతకీ తగ్గని పొడి దగ్గుకు కారణం చెవిలో గట్టిపడిన గులిమి అని తేలిన సందర్భాలు కూడా ఉన్నాయి.

గులిమిని ఎన్ని రోజులకోసారి తీయించుకోవాలి?

ఇబ్బంది లేకపోతే ఎప్పుడూ తీయించుకోనక్కర్లేదు. గులిమి మురికి కాదు. నాళం బయటి మూడోవంతులో ఉండే గ్రంథుల స్రావం, రాలిపోయిన చర్మకణాలు కలిసి గులిమి అవుతుంది. దానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి బాక్టీరియా, బూజు తేలిగ్గా పెరగవు. జిడ్డుగా ఉంటుంది కాబట్టి నాళం చర్మాన్ని నీళ్ళలో నానిపోనివ్వదు.

చెవి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. కర్ణభేరి మీది చర్మం, నాళం చర్మం మెల్లమెల్లగా బయటి వైపుకు జరుగుతూ, గులిమిని కూడా మోసుకొస్తాయి. నమిలేటప్పుడు దవడ కదలిక కూడా దానికి తోడవుతుంది. ఇయర్ బడ్ ఈ ప్రయాణాన్ని తిప్పికొడుతుంది. దూది చివర కాస్త పచ్చగా అంటుకుంటే శుభ్రం అయిందనుకుంటాం, కానీ మిగిలింది లోపలికి వెళ్ళిపోతుంది. నాళం లోపలి భాగంలో గులిమి తయారే కాదు. కర్ణభేరిని ఆనుకుని గులిమి ముద్ద కనిపించిందంటే చాలామటుకు ఎవరో లోపలికి నెట్టినదే.

వినికిడి మందగించినా, నొప్పి ఉన్నా, కర్ణభేరిని చూడటానికి అడ్డొచ్చినా గులిమిని తీయాలి. కొన్నాళ్ళు చుక్కలు వేసి మెత్తబరిచాక శరీరం వేడికి సమానంగా ఉన్న నీటితో కడుగుతారు, లేదా సక్షన్‌తో లాగుతారు. నీళ్ళు చల్లగా ఉంటే శరీరం తూలకుండా చూసే అర్ధవలయ నాళంలోని ద్రవం కదిలి గిర్రున కళ్ళు తిరుగుతాయి. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు, చెవి ఆపరేషన్ అయినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, వాళ్ళకు నీటితో కడగకూడదు. చెవిలో పెట్టి వెలిగించే కొవ్వొత్తుల వల్ల గులిమి రాదు, కాలిన గాయాలు మాత్రం అవుతాయి.

కర్ణభేరికి చిల్లు పడితే ఇక చెవుడేనా?

కాదు. చెంపదెబ్బ వల్లో, పుల్ల గుచ్చుకునో పడిన చిన్న చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే పూడుకుంటుంది. సాధారణంగా మూడు నెలల దాకా చూస్తారు. ఆలోగా చెవిలోకి నీళ్ళు పోనివ్వకూడదు, గట్టిగా ముక్కు చీదకూడదు, డాక్టరు చెప్పకుండా చుక్కలు వేయకూడదు. పూడకపోతే శరీరంలోని వేరే చోటి పొరతో అతుకు వేసే ఆపరేషన్ ఉంది.

చెవిలోంచి తరచూ చీము వస్తుంటే మాత్రం సంగతి వేరు. ఇక్కడ చిల్లు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. కర్ణభేరి నడుమ చిల్లుండి, జలుబు చేసినప్పుడల్లా పలచటి స్రావం కారడం ఒక రకం. చిల్లు పై మూలన ఉండి, కొద్దిగానే అయినా దుర్వాసనతో చీము రావడం ఇంకో రకం. రెండో రకంలో మధ్య చెవిలోకి చర్మం పెరిగి, కొలెస్టియటోమా అనే తిత్తిగా మారి ఉండొచ్చు. అది చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది. ఇంకా ముదిరితే ముఖనరం దెబ్బతిని మూతి వంకర పోవచ్చు, ఇన్ఫెక్షన్ మెదడు దాకా పాకవచ్చు. నొప్పి లేదు కదా అని వాసన వచ్చే చెవిని ఏళ్ళ తరబడి మోసేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. దానికి మందు చుక్కలు చాలవు, ఆపరేషన్ చేయాలి.

ఆ మూడు చిన్న ఎముకలు ఏం చేస్తాయి?

గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. లోపలి చెవి నిండా ఉన్నది ద్రవమే. ఈ నష్టాన్ని పూడ్చేదే మధ్య చెవి. కర్ణభేరికి అతుక్కున్న కూటకం, దాని పక్కన దాగలి, చివర కర్ణాంతరాస్థి వరసగా కదులుతాయి. కర్ణభేరిలో కంపించే వైశాల్యం కర్ణాంతరాస్థి అడుగు పలక కంటే సుమారు 17 రెట్లు పెద్దది. అంత మేర పడిన బలం ఒక చిన్న పలక మీదికి చేరడం వల్లా, ఎముకల మీట పని వల్లా ఒత్తిడి దాదాపు 20 రెట్లు పెరుగుతుంది.

కర్ణాంతరాస్థి మన శరీరంలోకెల్లా చిన్న ఎముక, ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. కొందరిలో దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి అది బిగుసుకుపోతుంది. దాన్ని ఓటోస్క్లిరోసిస్ అంటారు. చూడటానికి కర్ణభేరి శుభ్రంగా, మామూలుగానే ఉంటుంది కానీ వినికిడి తగ్గుతూ పోతుంది. చెవి చూసి "అంతా బాగుంది" అని పంపేస్తే దొరకని జబ్బు ఇది. శ్రుతిదండంతో (తడితే ఒకే స్వరం మోగే రెండు కొమ్ముల లోహపు దండం, ట్యూనింగ్ ఫోర్క్) అయితే రెండు నిమిషాల్లో అనుమానం వస్తుంది.

జలుబు చేస్తే చెవులు ఎందుకు మూసుకుపోతాయి? పిల్లలకే ఎక్కువ ఎందుకు?

మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగానికి యూస్టేషియన్ నాళం ఉంది. మింగినప్పుడు, ఆవులించినప్పుడు అది క్షణం పాటు తెరుచుకుని కర్ణభేరికి రెండు పక్కలా గాలి ఒత్తిడిని సమానం చేస్తుంది. జలుబుకి అది వాచి మూసుకుపోతే లోపలి గాలిని మధ్య చెవి పొర పీల్చేసుకుంటుంది, కర్ణభేరి లోపలికి లాగినట్టవుతుంది, ఆపైన నీరు చేరుతుంది. పిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దానికితోడు ముక్కు వెనక దాని నోటి దగ్గరే అడినాయిడ్స్ అనే టాన్సిల్స్ లాంటి కండ పెరిగి ఉంటుంది.

నొప్పి, జ్వరం లేకుండా నీరు నిలిచిపోయిన పిల్లలు చెప్పుకోలేరు. పిలిస్తే పలకకపోవడం, టీవీ సౌండ్ పెంచడం, క్లాసులో పరధ్యానం ఇవే పైకి కనిపిస్తాయి. మొండితనం అని తిట్టే ముందు చెవి చూపించండి. చాలామందిలో మూడు నెలల్లో నీరు దానంతట అదే ఇంకిపోతుంది. పోకపోతే, వినికిడి తగ్గితే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చడం గురించి ఆలోచిస్తారు.

శబ్దం నరంలో సంకేతంగా ఎలా మారుతుంది?

కాక్లియా రెండున్నర చుట్లకు పైగా తిరిగిన సన్నటి గొట్టం. విప్పి చాపితే సుమారు మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. దాని పొడవునా ఒక పొర పరుచుకుని ఉంటుంది. మొదట్లో ఆ పొర ఇరుగ్గా, బిగువుగా ఉంటుంది, చివరికి పోయేకొద్దీ వెడల్పుగా, వదులుగా మారుతుంది. అందుకే కీచు శబ్దాలకు మొదటి భాగం, బొంగురు శబ్దాలకు చివరి భాగం ఎక్కువగా కదులుతుంది. హార్మోనియం మెట్ల లాగా ఒక్కో స్వరానికి ఒక్కో చోటు ఉందన్నమాట. ఈ కదలికను చూపించిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ పొర మీద ఒక్కో చెవిలో, కదలికను పసిగట్టే సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. లోపలి వరసలోని మూడున్నర వేల కణాలే ప్రధానంగా మెదడుకు సమాచారం పంపుతాయి. మిగతావి బయటి రోమకణాలు. ఇవి శబ్దానికి తగ్గట్టు తామే పొడవు తగ్గుతూ పెరుగుతూ చిన్న కదలికను పెద్దది చేస్తాయి. ఈ పని జరిగేటప్పుడు చెవి నుంచి అతి సన్నని శబ్దం బయటికి కూడా వస్తుంది. దాన్ని 1978లో డేవిడ్ కెంప్ నమోదు చేశారు. ఈ రోజు పసిబిడ్డలకు చేసే వినికిడి పరీక్షకు అదే ఆధారం. చెవి శబ్దాన్ని వినడమే కాదు, పుట్టిస్తుంది కూడా అన్న సంగతి ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

పక్షుల్లో చచ్చిపోయిన రోమకణాల చోట కొత్తవి వస్తాయి. మనుషుల్లో రావు. పెద్ద శబ్దం వల్ల, వయసు వల్ల, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు లాంటి వాటి వల్ల పోయినవి పోయినట్టే. అలాంటి మందులు తప్పనిసరై వాడేటప్పుడు మధ్యమధ్యలో వినికిడి పరీక్ష చేయించుకోవడం మంచిది.

మాట వినపడుతోంది కానీ అర్థం కావడం లేదు. ఇది చెవి లోపమా, మతిమరుపా?

ఎక్కువగా చెవి లోపమే. వయసుతో ముందు పోయేది కీచు శబ్దాల వినికిడి. మాటలో అచ్చుల శక్తి తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, స, ష, చ, త, క లాంటి హల్లుల ధ్వని ఎక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. పాలు, కాలు, చాలు అన్న మూడు మాటలనూ తీసుకోండి. మొదటి హల్లు చెవిన పడకపోతే మూడూ ఒకటే. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు.

ఇంట్లోవాళ్ళు గట్టిగా అరుస్తారు. దానికి ఆ పెద్దాయనో పెద్దావిడో "ఎందుకలా అరుస్తావు, నాకేం చెవుడా" అని విసుక్కుంటారు. అది చాదస్తం కాదు. బయటి రోమకణాలు దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం వినపడదు, కాస్త పెంచగానే భరించలేనంత పెద్దగా వినపడుతుంది. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, కాస్త నిదానంగా, మామూలు గొంతుతో మాట్లాడితే చాలా తేడా ఉంటుంది.

ఇయర్‌ఫోన్స్ ఎంతసేపు పెట్టుకోవచ్చు?

సౌండ్ ఎంత, సమయం ఎంత అన్న రెండూ కలిపి లెక్క వేసుకోవాలి. డెసిబెల్స్‌లో 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు హద్దు అనుకుంటే 88 దగ్గర 4 గంటలే, 100 దగ్గర 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ అని చెబుతోంది. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషికి మన మాట వినపడటానికి గొంతు పెంచాల్సి వస్తే అక్కడ శబ్దం ఎక్కువైనట్టే. ఆ తర్వాత చెవిలో గుయ్‌మంటే రోమకణాలు అలసిపోయాయని గుర్తు. మర్నాటికి తగ్గిపోయినా పూర్తిగా కోలుకున్నట్టు కాదు.

డాక్టరు చెవిలో లైటు వేసి ఏం చూస్తారు?

లైటు వేయక ముందే సగం పరీక్ష మాటల్లో అయిపోవాలి. ఏ చెవి, ఎప్పటి నుంచి, ఒక్కసారిగా పోయిందా మెల్లగానా, నొప్పి, స్రావం, హోరు, కళ్ళు తిరగడం ఉన్నాయా, ఏ మందులు వాడారు, పనిచేసే చోట శబ్దం ఎంత, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. ఆ తర్వాత బాగున్న చెవిని ముందు చూస్తారు. ఆ మనిషికి మామూలు ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది, ఇన్ఫెక్షన్ ఉంటే అటు నుంచి ఇటు అంటదు.

డొప్ప వెనకాల పాత ఆపరేషన్ మచ్చ ఉందేమో చూస్తారు. చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టను నొక్కినా, డొప్పను లాగినా విపరీతంగా నొప్పెడితే నాళంలో ఇన్ఫెక్షన్ అనుకోవాలి. చెవి వెనక ఎముక మీద వాచి, డొప్ప ముందుకు తోసుకొచ్చిన పిల్లవాడిని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తర్వాత ఓటోస్కోప్, అంటే చెవిలోకి లైటు వేసి చూసే పరికరం. పెద్దవాళ్ళకు డొప్పను పైకీ వెనక్కీ లాగితే వంపు సరి అవుతుంది, పసిపిల్లలకు కిందికీ వెనక్కీ లాగాలి. ఓటోస్కోప్‌ను పెన్ను పట్టుకున్నట్టు పట్టి, చిటికెన వేలిని రోగి చెంపకు ఆనిస్తారు. పిల్ల తల తిప్పినా దానితో పాటే చెయ్యి కదులుతుంది, లోపల గుచ్చుకోదు. నాళంలో పట్టేవాటిలో పెద్ద సైజు మూతి వాడాలి, అప్పుడే బాగా కనిపిస్తుంది, నొప్పీ తక్కువ.

ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపు బూడిదరంగులో, వెలుగు లోపలికి దిగేంత పలచగా ఉంటుంది. పై నుంచి నడిమధ్యకు కూటకం పిడి వాలుగా దిగుతుంది. అది ఆగిన చోటు నుంచి ముందుకీ కిందికీ వెలుగు త్రికోణంగా మెరుస్తుంది. కర్ణభేరిని గడియారం అనుకుంటే ఆ మెరుపు కుడి చెవిలో 5 గంటల దగ్గర, ఎడమ చెవిలో 7 గంటల దగ్గర ఉంటుంది. ఎర్రగా ఉబికి వస్తే చీము పట్టిందని, మెరుపు పోయి తేనెరంగులో ఉండి వెనక బుడగలు కనిపిస్తే నీరు చేరిందని, పిడి మరీ పొట్టిగా అడ్డంగా కనిపిస్తే లోపలికి లాక్కుపోయిందని అర్థం. తెల్లటి సుద్ద మచ్చలు పాత ఇన్ఫెక్షన్ల గుర్తులు, వాటితో సాధారణంగా హాని లేదు. ఏడ్చే పిల్లల్లో కర్ణభేరి ఎలాగూ ఎర్రబడుతుంది, ఒక్క ఎరుపు చూసి యాంటీబయాటిక్ రాయకూడదు. పై మూలను చూడనిదే పరీక్ష పూర్తి కానట్టే, ఎందుకంటే కొలెస్టియటోమా ఎక్కువగా దాక్కునేది అక్కడే.

రబ్బరు బుడ్డితో మెల్లగా గాలి ఊది కర్ణభేరి కదులుతోందా అని కూడా చూస్తారు. కదలకపోతే వెనక నీరుండాలి, లేదా చిల్లుండాలి. చివరికి కళ్ళు గట్టిగా మూయమని, పళ్ళు చూపించమని అడుగుతారు. ముఖనరం మధ్య చెవి గోడలోంచే వెళుతుంది కాబట్టి ఆ పరీక్ష. ముక్కు, గొంతు కూడా చూడాలి.

శ్రుతిదండం పరీక్ష ఎందుకు? మిషన్ ఉంది కదా?

దారిలో అడ్డా, నరంలో లోపమా అన్న ప్రశ్నకు ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత త్వరగా జవాబిచ్చే పరికరం ఇంకోటి లేదు. సాధారణంగా 512 హెర్ట్జ్ దండం వాడతారు. అంతకంటే తక్కువైతే శబ్దం కంటే అదురు ఎక్కువ తెలుస్తుంది, మరీ ఎక్కువైతే తొందరగా ఆగిపోతుంది. దాన్ని బల్లకేసి కొట్టకూడదు, మోచేతికో మోకాలికో తట్టాలి.

మోగుతున్న దండాన్ని చెవి ముందు పెడతారు, తర్వాత దాని అడుగును చెవి వెనక ఎముకకు గట్టిగా ఆనిస్తారు. ఎక్కడ పెద్దగా వినిపించింది? మామూలు చెవికి ముందు పెట్టినప్పుడే పెద్దగా వినిపిస్తుంది. దారిలో అడ్డుంటే వెనక ఎముక మీద పెట్టినప్పుడు పెద్దగా వినిపిస్తుంది, ఎముక ద్వారా వెళ్ళే శబ్దానికి ఆ అడ్డు తగలదు కదా. 1855లో జర్మన్ వైద్యుడు రినే చెప్పిన పరీక్ష ఇది. వెబర్ పరీక్షలో దండాన్ని నుదుటి మధ్యన ఆనిస్తారు. దారిలో అడ్డుంటే శబ్దం అదే చెవిలో వినిపిస్తుంది, నరం లోపమైతే బాగున్న చెవిలో వినిపిస్తుంది. మీరే చేసి చూడండి. ఒక చెవిని వేలితో మూసి "మ్‌మ్" అని మూలగండి. శబ్దం మూసిన చెవిలోకే వస్తుంది.

ఇక్కడొక మోసం ఉంది. ఒక చెవి పూర్తిగా చచ్చిపోయిన మనిషికి ఆ వైపు ఎముక మీద దండం పెడితే శబ్దం పుర్రె గుండా వెళ్ళి రెండో చెవికి వినిపిస్తుంది. ఆయన "వెనకే బాగా వినిపిస్తోంది" అంటాడు. అది నమ్మితే నరం చెవుడును దారి అడ్డుగా పొరబడతాం. వెబర్ పరీక్షలో మాత్రం శబ్దం బాగున్న చెవికే పోయి నిజం చెబుతుంది. అందుకే రెండు పరీక్షలూ కలిపే చేయాలి.

ఆడియోగ్రామ్ చూసి ఎన్ని శాతం పోయిందో చెప్పగలరా?

ఆడియోగ్రామ్ అంటే మిషన్‌తో చేసిన వినికిడి పరీక్ష గ్రాఫ్. అందులో రాసే డెసిబెల్ శాతం కాదు. 40 అని రాసి ఉంటే 40 శాతం పోయిందని అనుకుని కంగారు పడకండి. గ్రాఫ్‌లో పైన ఉంటే మంచి వినికిడి, కిందికి దిగేకొద్దీ లోపం. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గాలి ద్వారా విన్న గీత కిందికి ఉండి, ఎముక ద్వారా విన్నది పైన ఉంటే మధ్య ఖాళీ అంతా దారిలోని అడ్డు. రెండూ కలిసి దిగితే లోపలి చెవి లేదా నరం లోపం. 4000 దగ్గర ఒక్కసారి గుంటలా దిగి మళ్ళీ లేస్తే శబ్ద కాలుష్యాన్ని అనుమానించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం మెరుగైన చెవిలో సగటు 20 డెసిబెల్స్ లోపు ఉంటే మామూలు, 20 నుంచి 35 లోపు స్వల్పం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం. ఆ పైన తీవ్రత పెరుగుతూ పోతుంది.

పసిబిడ్డకు వినపడుతోందో లేదో ఇంట్లో తెలుసుకోవచ్చా?

చప్పట్లు కొట్టి, గిలక ఊపి తేల్చేయకండి. బిడ్డ నీడకో, గాలి కదలికకో తిరగవచ్చు. చెవి నుంచి తిరిగొచ్చే సన్నని శబ్దాన్ని కొలిచే ఓఏఈ, నరం నుంచి మెదడు కాండం దాకా సంకేతాన్ని కొలిచే బెరా పరీక్షలు నిద్రపోతున్న బిడ్డకు నొప్పి లేకుండా చేస్తారు. నెల లోపు మొదటి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వైద్యం మొదలవ్వాలి. ఈ తొందర ఎందుకంటే, మెదడు భాష నేర్చుకునే కాలం ఆగి ఎదురు చూడదు. పుట్టినప్పుడు పాసైన పిల్లలకు కూడా మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటి జబ్బుల తర్వాత వినికిడి పోవచ్చు. "మా పాపకు సరిగ్గా వినపడటం లేదేమో" అని తల్లికి అనిపించడమే పరీక్ష చేయడానికి చాలినంత కారణం.

చెవిలో హోరుకు మందు లేదా?

హోరును పూర్తిగా మాయం చేసే మందు ఇంతవరకు రుజువు కాలేదు. కానీ గులిమి, మధ్య చెవిలో నీరు, మందుల ప్రభావం లాంటి కారణం దొరికితే దానికి వైద్యం ఉంది. వినికిడి లోపంతో వచ్చిన హోరు వినికిడి యంత్రంతో చాలామందికి తగ్గుతుంది. పూర్తి నిశ్శబ్దంలో హోరు ఎక్కువ తెలుస్తుంది, పడుకునేటప్పుడు చిన్నగా ఏదైనా శబ్దం పెట్టుకోండి. ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపించినా తప్పకుండా పరీక్ష చేయించాలి.

కళ్ళు తిరగడం చెవి వల్లేనా?

పక్క మీద దొర్లినప్పుడు, తల పైకెత్తినప్పుడు గది గిర్రున తిరిగి, నిమిషం లోపు ఆగిపోతే ఎక్కువగా చెవి వల్లే. లోపలి చెవి సంచిలోని సున్నపు కణాలు ఊడి అర్ధవలయ నాళంలోకి పడటం వల్ల అది వస్తుంది. తలను పక్కకు తిప్పి వెనక్కి పడుకోబెట్టి చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్షతో తెలుస్తుంది, ఎప్లీ పద్ధతిలో తలను వరసగా తిప్పి ఆ కణాలను వెనక్కి చేరిస్తే చాలామందికి అక్కడికక్కడే తగ్గుతుంది. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, కాలూ చెయ్యీ బలహీనపడటం, నిలబడలేకపోవడం తోడైతే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

చెవి పోటుగా ఉంది. చెవి బాగానే ఉందంటున్నారు. మరి నొప్పి ఎక్కడిది?

పళ్ళు, దవడ కీలు, టాన్సిల్స్, గొంతు, మెడ, వీటన్నిటి నరాల శాఖలు చెవికి కూడా వస్తాయి. అక్కడి నొప్పి చెవిలో తెలుస్తుంది. పొగాకు అలవాటు ఉన్నవాళ్ళకు చెవి మామూలుగా ఉండి నొప్పి వారాల తరబడి తగ్గకపోతే నోరు, గొంతు లోపలి దాకా చూడాలి, క్యాన్సర్ మొదటి గుర్తు అదే కావచ్చు.

చెవిలో పురుగు దూరితే? పిల్లలు ఏదైనా పెట్టుకుంటే?

బతికున్న పురుగైతే, చిల్లు లేని చెవిలో నాలుగు చుక్కల గోరువెచ్చని నూనె వేస్తే చచ్చిపోతుంది, తర్వాత తీయించుకోవాలి. గింజలు పెట్టుకుంటే నీళ్ళు పోయకండి, ఉబ్బుతాయి. బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే కణజాలాన్ని కాల్చేస్తుంది, చుక్కలేవీ వేయకుండా వెంటనే పరుగెత్తాలి. పిన్నుతో, పట్టకారుతో ఇంట్లో ప్రయత్నించవద్దు. గుండ్రటి వస్తువు జారి ఇంకా లోపలికి పోతుంది.

పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడటం లేదు. గులిమేమో అని వారం ఆగొచ్చా?

ఆగకూడదు. పైన చెప్పిన "మ్‌మ్" మూలుగును చెవులు మూయకుండా చేసి చూడండి. శబ్దం మూసుకుపోయినట్టున్న చెవిలోకి వస్తే గులిమో, జలుబో కావచ్చు. బాగున్న చెవిలోకి పోతే అది లోపలి చెవి లోపం కావచ్చు, ఈఎన్‌టీ అత్యవసరం. ఎటు వచ్చినా ఒకటి రెండు రోజుల్లో ఆడియోగ్రామ్ చేయించుకోండి. స్టెరాయిడ్ వైద్యం మొదటి రెండు వారాల్లో, అందులోనూ ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. గులిమి అనుకుని చుక్కలు వేస్తూ కూర్చున్న రోజులు మళ్ళీ రావు.

వినికిడి యంత్రం పెట్టుకుంటే ఉన్న వినికిడి కూడా పోతుందంటారు, నిజమా?

నిజం కాదు. ఆడియోగ్రామ్‌కు తగ్గట్టు అమర్చిన యంత్రం చెవిని పాడు చేయదు. ఇంకొకరిది తీసి పెట్టుకోవడం మాత్రం తప్పు. మొదట్లో అన్నీ గోలగా వినిపిస్తాయి, చాలామంది ఆ దశలోనే తీసి పెట్టెలో పెట్టేస్తారు. రోజుకు కొన్ని గంటలతో మొదలుపెట్టి, ముందు నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకరితో మాట్లాడుతూ అలవాటు చేసుకోండి. ఇబ్బందిగా ఉంటే అమర్చినవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోండి, రెండు మూడుసార్లు మార్చాల్సి రావడం మామూలే. బాగా తీవ్రమైన లోపం ఉండి యంత్రంతో మాట అర్థం కాకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి అడగండి. అది పాడైన రోమకణాలను దాటేసి నేరుగా నరానికి సంకేతాలు పంపుతుంది. నరం పనిచేస్తోందా లేదా అన్నది ముందు పరీక్షల్లో తేల్చుకున్నాకే దాన్ని అమరుస్తారు.